వీధిగదిలో సర్వర్

హిమజకు చిక్కు చెప్పుల దగ్గర మొదలైంది. మందస, కంచిలి, టెక్కలి స్టూడియోల వాళ్లు పెళ్లి ఫోటోలు సీడీల్లో వేసుకుని పలాసలో ఆమె ఇంటికే వచ్చేవారు. ఆమె వాటిని కంప్యూటర్లో ఆల్బం పేజీలుగా కూర్చి ఇచ్చేది. పనితో పేరొచ్చింది. పేరుతో పాటు గుమ్మంలో రోజూ నాలుగు జతల మగచెప్పులూ వచ్చాయి.

అత్త కాసులమ్మకు అవి కంట్లో నలుసులయ్యాయి.

"ఒలే అమ్మీ, ఇది ఇల్లా, బస్టాండా? నా కొడుకు జీడిపప్పు ఫేట్రీకెల్లిపోతే ఇక్కడ మగోల్లు వత్తన్నారు, ఎల్తన్నారు. ఈదిలో ఏటనుకుంతారు? దసరా లోపల ఆల్ల రాక ఆగిపోవాల. నేదంటే ఆ కంపూటరు పెట్టె అటకెక్కిపోవాల!"

హిమజ భర్త ధనుంజయ్‌ని అడిగింది. అతను "అమ్మ మాటకి నేనేటి అడ్డొస్తాను" అని లుంగీ దులుపుకుని లేచిపోయాడు. తల్లికీ పెళ్లానికీ మధ్య దూరే మగాడు శ్రీకాకుళం జిల్లాలో ఇంకా పుట్టలేదు.

హిమజకు ఆ పనంటే ప్రాణం. మనుషులు గడప తొక్కకుండా ఫోటోలు మాత్రం రావాలి. అది రెండువేల ఎనిమిది. ఇంట్లోకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చి మూడు నెలలే అయింది. ఎక్కడినుంచైనా ఫోటోలు ఇంటర్నెట్లో వచ్చి పడేలా తన కంప్యూటర్లోనే ఎఫ్‌టీపీ సర్వర్ పెట్టేద్దామనుకుంది. ప్రోగ్రాం ఎక్కించి, స్టూడియోకో ఫోల్డరు, పేరు, పాస్‌వర్డు ఇచ్చింది. బ్రాడ్‌బ్యాండ్ మోడెం మాత్రం బయటివాళ్లను లోపలికి రానివ్వనని భీష్మించుకుంది. దాని సెట్టింగుల్లో దూరి, ఫలానా నంబరు మీద వచ్చినవాళ్లను నా కంప్యూటరుకు పంపు అని ఒప్పించేసరికి రెండు రోజులు పట్టింది, ఒక గిన్నెడు పప్పు మాడింది.

మూడోరోజు మందస స్టూడియో గోవిందు పంపిన ఫోటోలు ఒక్కొక్కటే ఫోల్డర్లో పడ్డాయి.

"వొచ్చినాయా వదినా?" అన్నాడు ఫోన్లో.

"వచ్చేసాయి గోవిందూ! నువ్వింక రానక్కర్లేదు," అంది. గంతెయ్యడం ఒక్కటే తక్కువ.

రెండు వారాలు గుమ్మంలో చెప్పుల్లేవు. ఆ తర్వాత రోజూ పదకొండింటికి లైను తెగడం మొదలైంది. ఒక ఆల్బం ఫోటోలు రావడానికి గంట పైనే పడుతుంది. మోడెం ఆగి మళ్లీ వెలిగితే ఇంటి ఇంటర్నెట్ అడ్రసే మారిపోతుంది. ఆ కొత్త అడ్రసు గోవిందుకు ఫోన్లో చదివి చెప్పాలి, అతను మొదట్నుంచీ పంపాలి. నాలుగోసారికి అతనికి విసుగెత్తి, సీడీ జేబులో వేసుకుని బండి మీద వచ్చేశాడు.

దసరా పదిరోజుల్లో ఉంది. అత్త ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తుందనుకుంది హిమజ. కాసులమ్మ మాత్రం గోవిందు చేతిలో టీ గ్లాసు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఎవులి పెల్లిరా? పిల్లదేవూరు? సీర ఎవులు పెట్టినారు?"

లైను ఎందుకు తెగుతోందో తెలియక హిమజ కరెంటును తిట్టింది, వైరు మార్చింది. రోజూ ఒకే వేళకు తెగడమేంటని అనుమానమొచ్చి, మర్నాడు పదకొండవుతుండగా నీళ్లకని పెరట్లోకి వెళ్లినట్టే వెళ్లి, ఇంటిని చుట్టి వచ్చి వీధిగది కిటికీలోంచి తొంగి చూసింది. కాసులమ్మ అటూ ఇటూ చూసి, మోడెం స్విచ్చి టక్కున ఆపి, పది లెక్కపెట్టి మళ్లీ వేసింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈశ్వరుడికి కిటికీ తెలియదు.

"ఏటత్తా ఇది?"

కాసులమ్మ ఉలిక్కిపడింది. "కరెంటు కాలిపోతంది కదేటి..." అని నసిగింది. కోడలు కదల్లేదు. చివరికి ముసలామె మంచం మీద కూలబడింది.

"ఆల్లొత్తే కేకలేసినాను, నిజమే. ఆల్లు మానేసినాక తెలిసొచ్చినాది. ఆడు ఫేట్రీలో ఉంతాడు, నువ్వా పెట్టెతో ఉంతావు. పొద్దున్నుంచి సందేల దాకా నాతోటి మాటాడే పురుగు నేదు. కేకలేసిన నోటితోటి మల్లా రమ్మని ఎలా పిలుద్దునే?"

హిమజకు కోపం వచ్చినంత వేగంగానే పోయింది. ఈ ఇంట్లోకి ఫోటోలకు దారి చేసింది తను, ఈమెకు తోడొచ్చే దారి మాత్రం మూసేసింది. సిగ్గేసింది. ఫోన్ తీసింది.

"గోవిందూ, ఫోటోలు సర్వర్లోనే వెయ్యి. ఇంక తెగదు. నువ్వు మాత్రం రేపు ఇంటికి రా."

"ఫోటోలు అందులో ఏసినాక నాతో పనేటొదినా?"

"నాకేం పని లేదు. మా అత్తకుంది."

మంచం మీద కాసులమ్మ పైటతో కళ్లొత్తుకుంది. వెంటనే గొంతు సవరించుకుంది.

"ఒట్టి సేతుల్తో రావొద్దని సెప్పు. ఆ పెల్లికూతురి మేనత్త పేరు కనుక్కుని రమ్మను!"