సింగిల్ హ్యాండ్ ఎర్ర బండి

మా ఇంట్లో తండ్రీకూతుళ్లు ఒకే మాట మీద ఉన్నారంటే నాకు తెలియకుండా ఏదో జరుగుతోందని అర్థం. ఆ ఆదివారం ఇద్దరూ అలారం మోగకముందే లేచారు. టిఫిను ప్లేట్లు వాళ్లే కడిగారు. మా అమ్మాయి రెండుసార్లు “నీ ఇష్టం అమ్మా” అంది. ఇక ఆగలేక చెప్పులేసుకున్నాను.

“ఈ ఎండలో నువ్వెందుకు?” అన్నారు మావారు.

“ఊరికే చూడ్డానికి. నోరెత్తనులెండి.”

ఆయన నమ్మారు. పెళ్లయి ఇరవై నాలుగేళ్లయినా మనుషుల మీద ఆయనకు నమ్మకం చావలేదు.

సంగతేమిటంటే, ఇరవై రెండేళ్ల మా అమ్మాయి ఒక క్లబ్బులో చేరింది. వాళ్లు కొండ రోడ్డు మీద ఒక్కొక్క కారునే పైకి పంపి, ఎంతసేపట్లో ఎక్కిందో గడియారం పెట్టి చూస్తారు. దానికోసం టాపు మడిచే రెండు సీట్ల స్పోర్ట్స్ కారొకటి, సెకండ్ హ్యాండ్‌ది కొనాలి. మెకానిక్ షెడ్డు నడిపే మా తమ్ముడు దానికి టర్బో బిగించి, ఇంజను బలం ఇంచుమించు రెట్టింపు చేస్తాడు. చూడవలసినవి రెండు: ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. బండి ఎంత వేగం పోతుందన్నది వాళ్ల ముగ్గురి బెంగ. పోయేటప్పుడు అందులో ఎవరుంటారన్నది నా బెంగ.

ఎర్ర బండి ఆసామి కంటే ముందు ఆయన పూసుకున్న సెంటు వచ్చి గేటు తీసింది. బండి పెళ్లికూతురిలా మెరుస్తోంది. మావారిది కళ్లద్దాల దుకాణం, ఊళ్లో సగం మందికి చూపు సరిచేసిన మనిషి. ఎర్ర రంగు కంటబడగానే ఆయన చూపే ఎటో పోయింది. అమ్మాయి అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని, చిన్నప్పుడు నేను కొత్త పరికిణీ కుడితే పెట్టిన మొహం పెట్టింది. తమ్ముడు బండి కింద దూరాడు, కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

“సింగిల్ హ్యాండ్ అమ్మా,” అన్నాడు సెంటాయన.

“కుడిదా, ఎడమదా?”

ఆ జోకుకు అంత నవ్వక్కర్లేదు. అతను నవ్వాడు. అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది.

“అంటే, కొన్నప్పటినుంచీ నేనొక్కడినే. ఇంకొకరి చెయ్యి పడలేదు. టర్బో పెట్టుకోవాలంటే ఇలాంటిదే కావాలి మరి, ఎవరూ కెలకనిది.”

“ఆ మాట నిజమే అక్కా,” అంది బండి కిందినుంచి మా తమ్ముడి గొంతు. “ఒకడు కెలికినదాన్ని మళ్లీ కెలకడమంటే, ఎవరో మాడ్చిన కూరకి పోపు పెట్టడమే.”

నేను పక్క సీట్లో కూర్చున్నాను. లేబుల్ చదవనిదే ఏ బట్టనూ నీళ్లలో ముంచను నేను. మా ఆడపడుచు ఉన్ని శాలువాను వేడినీళ్లలో ముంచి చేతిరుమాలుగా పైకి తీసిన నాటినుంచీ పట్టుకున్న అలవాటు. చేతులు ఊరుకోక సీటు బెల్టును చివరిదాకా లాగాను. అడుగున కుట్టిన చిన్న లేబుల్ మీద నెల, సంవత్సరం ఉన్నాయి. బండి పుట్టిన ఏడే.

“లేవవే, నేనూ ఓసారి స్టీరింగు పట్టుకుంటా.”

“నీకు లైసెన్సు లేదు కదమ్మా!”

“పట్టుకోడానికి లైసెన్సెందుకే?”

అది దిగింది. నేను ఎక్కి అటువైపు బెల్టు లాగాను. ఆ లేబుల్ మీద ఉన్నది అయిదేళ్ల తర్వాతి సంవత్సరం.

“ఏవండీ,” అన్నాను సెంటాయనతో, “ఈ బెల్టు మిగతా బండికంటే అయిదేళ్లు ఆలస్యంగా పుట్టిందేం?”

అతను కాస్త తడబడ్డాడు. “అదా? రంగు వెలిసిపోతే మార్పించానమ్మా.”

“మరి పక్క సీటుది వెలవలేదా?”

“ఆ సీట్లో ఎవరూ కూర్చునేవారు కాదు.”

“టాపు మడిచే బండి కదండీ. ఎవరు కూర్చున్నారో చూసుకుని ఎండ కాస్తుందా?”

బండి కింద కాళ్లు కదలడం మానేశాయి. తమ్ముడు బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ నాతోనే చెప్పాడు. “గట్టిగా గుద్దుకుంటే బెల్టు బిగుసుకుపోయి మళ్లీ వదలదక్కా. అప్పుడు మార్చాల్సిందే.”

జేబులోంచి స్క్రూడ్రైవరు తీసుకుని మళ్లీ వంగాడు. “ముందు చక్రం వెనకాల నల్ల పూత దట్టంగా ఉంటే తుప్పు పట్టకుండా వేశారనుకున్నా. కొంచెం గోకి చూస్తానండీ.”

“గోకొద్దు!” అని అరిచాడు సెంటాయన.

ఆ కేకలోనే పూత కింది వెల్డింగు మాకందరికీ కనబడిపోయింది. ఇక గోకే పని పడలేదు.

ఆ బండి వద్దని చెప్పి వీధి మలుపు దాకా వచ్చాం. మావారి వాలకం నాకు నచ్చలేదు. మోసపోబోయి బయటపడ్డ మనిషి తిట్టాలి. ఈయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

“మీకు ముందే తెలుసా?” అన్నాను.

“తెలుసని కాదు... అనుమానం వచ్చింది. డోరుకీ ముందు రేకుకీ మధ్య సందు ఒక వైపు సన్నంగా, ఒక వైపు వెడల్పుగా కనిపించింది.”

“వచ్చిన అనుమానాన్ని ఏం చేశారు?”

“పోయింది.”

“ఎటు పోయింది?”

“అది అంత సంబరంగా కూర్చుంటే, ఎలా చెప్పమంటావోయ్?”

ముందు నడుస్తున్న అమ్మాయి ఆగి వెనక్కి తిరిగింది. “చెప్పుంటే దిగేదాన్ని కదా నాన్నా. రెట్టింపు బలంతో కొండెక్కేటప్పుడు ఆ అతుకు విరిగితే?”

ఆయన కూతురి మొహం చూడలేక రోడ్డు వంక చూశారు. మిగిలినదేదో ఇంటికెళ్లాక అడుగుదామనుకున్నాను.

ఆకుపచ్చ బండి యజమాని రిటైరైన ప్రూఫ్ రీడరు. గుడ్ మార్నింగ్ కంటే ముందు రెండు కాగితాలు చేతిలో పెట్టారు. బండిలో ఉన్న లోపాలన్నీ నంబర్లు వేసి రాశారు: టాపు కారుతుంది, అద్దం సగంలో ఆగిపోతుంది, ఇంజను ఆయిలు తాగుతుంది. మొత్తం పద్దెనిమిది. చూస్తే బండి కూడా నానబెట్టి ఆరేసిన గోనెసంచిలా ఉంది.

ఇన్ని తప్పులు ఒప్పుకుంటున్నాడంటే పంతొమ్మిదోదేదో పెద్దదే దాస్తున్నాడనిపించింది నాకు. రెండు బెల్టులూ లాగి చూశాను. రెండూ కవలలే. అయినా మనసు కుదుటపడలేదు.

“ఇంజను ఆయిలు తాగుతుందట,” అన్నాను తమ్ముడితో.

“తాగనీ అక్కా, ఎలాగూ దాన్ని దించి విప్పేస్తాం. ఒళ్లు వంకరపోకుండా ఉంటే అదే పదివేలు.”

వాడు బండి అడుగున నాలుగు మూలల నుంచి దారానికి కట్టిన గుండ్లు వేలాడదీశాడు. గుండు ఎక్కడ ఆగితే అక్కడ నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, బండిని పక్కకు తోశాడు. ఎదురు మూలల మధ్య కొలిస్తే రెండు కొలతలూ ఒకటే రావాలట. రాకపోతే బండి ఎక్కడో వంగినట్టే. అమ్మాయి మోకాళ్లూని టేపు ఒక చివర పట్టుకుంది. రెండో చివర నేను పట్టుకోబోతే మావారు లాక్కుని మోకాళ్ల మీద కూర్చున్నారు.

“మూడు మిల్లీమీటర్లు తేడా,” అన్నారు, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి.

“అంత మాత్రం ఉంటుంది బావా, ఫర్వాలేదు.”

“ఫర్వాలేదా? నీ కూతురైతే ఫర్వాలేదంటావా?”

మా తమ్ముడు నా వైపు చూశాడు. నేను ప్రూఫ్ రీడరు వైపు చూశాను. ఆయన తన కాగితం వైపు చూసుకున్నారు, ఈ తప్పు ఎలా జారిపోయిందా అన్నట్టు.

మళ్లీ కొలిచారు. సుద్ద గీత మందంగా ఉంది, మొదటిసారి టేపు దానికి అవతలి అంచున పెట్టారట. ఈసారి వెంట్రుకవాసి కూడా తేడా లేదు. తమ్ముడు చేతులు దులుపుకున్నాడు. నేను కూడా, నా స్వభావానికి విరుద్ధంగా, చాలనుకున్నాను.

“ఇంకోసారి,” అన్నారు మావారు.

“నాన్నా, మోకాళ్లు నొప్పెడుతున్నాయి.”

“పెట్టనీ. టేపు సరిగ్గా పట్టుకో.”