కొట్టేసిన పేరా

సుమన గోకరకాయల ఈనెలు తీస్తుంటే అమరేందర్ వచ్చి పక్కనే చాప మీద కూర్చున్నాడు. రెండు కాయలు చేతిలోకి తీసుకుని, తుంచబోయి మళ్లీ గిన్నెలో వేశాడు.

"సుమనా, హిరోషిమా దినానికి ఆడపిల్లల కాలేజీల నన్ను మాట్లాడమన్నరు. జర రాసియ్యవా? నీ అంత మంచిగ నాకు రాదు."

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అంటాడు. చిక్కంతా అక్కడే ఉంది. ఇద్దరూ ఒకే క్లాసులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివారు, మార్కులు ఆమెకే ఎక్కువ. కొడుకు రిత్విక్ పుట్టినప్పుడు ఆమె ఉద్యోగం మాటెత్తితే "ఒక్క ఏడాది ఆగు, తర్వాత చూద్దాం" అన్నాడు. వాడిప్పుడు ఏడో తరగతి. నల్గొండ కాలేజీలో ఆయన చెప్పే పాఠాలకు నోట్సు ఆమెదే, సభల్లో చదివే ఉపన్యాసాలూ ఆమెవే. కసురుకుని అడిగితే ఎప్పుడో కాదనేది. ఇంత ప్రేమగా అడిగే మనిషికి కాదని ఎట్లా చెప్పాలో ఇన్నేళ్లలో తెలియలేదు. పైగా రాయడం ఆమెకిష్టం. పప్పు ఉడికేలోపు అణువు గురించి ఆలోచించడం ఇంకా ఇష్టం.

రాసింది అత్తగారు సావిత్రమ్మకు చదివి వినిపించింది. అందులో లీజ్ మైట్నర్ కథ ఉంది. యూదురాలు కావడంతో జర్మనీ నుంచి పారిపోయిన శాస్త్రవేత్త. తోటి శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో యురేనియం పరమాణువు చీలిందని మేనల్లుడితో కలిసి లెక్కగట్టి చెప్పింది ఆమె. నోబెల్ మాత్రం ఆ తోటి శాస్త్రవేత్తకే ఇచ్చారు. బాంబు తయారీకి పిలిస్తే ఆమె రానంది.

"లెక్క జేసింది గీమె, ఇనాం గాయినకా?" అంది సావిత్రమ్మ. ఆ వెంటనే, "గా బాంబు ఏసిననాడు పిల్లలు ఏడున్నరు బిడ్డా?" అని అడిగింది.

"పొద్దుగాల ఏసిన్రు అత్తమ్మా. బడిపిల్లలు వేలమంది రోడ్ల మీద యుద్ధం పనిల ఉన్నరు."

సావిత్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మన పెద్దగట్టు కింద ఉన్నదన్నది గదే రాయా?"

"గదే, యురేనియం."

సుమన ఆ ప్రశ్న కూడా ఉపన్యాసంలో చేర్చింది.

సాయంత్రం అమరేందర్ చదివి, పెన్ను తీసి మైట్నర్ పేరా కొట్టేశాడు. పెద్దగట్టు మాట కూడా కొట్టేశాడు. "గియ్యన్నెందుకు? మన దగ్గర గూడ బాంబున్నది, ఇగ మనల్నెవ్వడు ముట్టడు అంటే చప్పట్లు పడ్తయి."

"ఆమెనెందుకు తీసేసిన్రు?"

"ఎవరిని?" అన్నాడు అమరేందర్. నిజంగానే ఆయనకు గుర్తులేదు.

సుమనకు కోపం వస్తుందనుకుంది. రాలేదు. ఎదురుగా ఉన్నది తనకు బాగా ఇష్టమైన మనిషి. ఆ మనిషి చేతిలో పెన్ను ఉంది, కొట్టేసింది ఎవరినో కూడా చూసుకోలేదు. కాగితాలు మెల్లగా తీసుకుంది.

"చప్పట్లది మీరు రాసుకోన్రి. గీ కాగితం నేనే పోయి చదువుత. ప్రిన్సిపాల్ మేడంకు ఫోన్ చెయ్యున్రి."

"నువ్వు స్టేజీ ఎక్కుతవా?" నవ్వాడు.

"ఎందుకెక్కది?" వంటింట్లోంచి సావిత్రమ్మ అంది. "నాకు సమజైంది, కాలేజీ పిల్లలకు కాదా? నువ్వు ఫోన్ జెయ్యిరా."

అమరేందర్ తల్లి వైపు, భార్య వైపు చూశాడు. ఫోన్ తీశాడు.

ఆరో తారీఖున బండి మీద ఆయనే దింపి, హాల్లో చివరి వరుసలో కూర్చున్నాడు. సుమన మొదట కాగితంలోంచి తల ఎత్తకుండా చదివింది. రోడ్ల మీది పిల్లల దగ్గరికి వచ్చేసరికి తలెత్తింది. ఒక బాంబు ఉన్నందుకు ధైర్యంగా నిద్రపోయే ఇల్లు, పక్కింట్లోనూ అదే ఉందని ఎట్లా మర్చిపోతుందని అడిగింది. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. ముందు వరుసలో ఒక పిల్ల లేచింది.

"మేడం, మీరు ఏ కాలేజీల చెప్తరు?"

"వచ్చే ఏడాది చెప్త," అంది సుమన. "ఏ కాలేజో ఇంక చూసుకోలె."

వెనక వరుసలో ఉన్న అమరేందర్‌కు ఆ సంగతి అప్పుడే తెలిసింది. సుమనకు కూడా.