కోత పండక్కి మా కానుక

“శనివారం ఓ ఇరవై మంది వస్తారు. పర్లేదు, మిషనుంది కదా” అన్నారు మా ఆయన రాజ్ కుమార్, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని. అవతలివాళ్ళకి చెబుతున్నారో నాకు చెబుతున్నారో అర్థం కాలేదు. నేను అప్పుడు ఆ మిషన్నే కడుగుతున్నాను.

ఫుడ్ ప్రాసెసర్ అని దాని పూర్తి పేరు. మా పెళ్ళిరోజుకి ఆయన ఇచ్చిన బహుమతి. కొబ్బరి తురుముతుంది, ఉల్లిపాయలు తరుగుతుంది, పూరీ పిండి కలుపుతుంది. గిన్నె, దాని మూత, మూతలో దూరే ఇంకో మూత, రెండు బ్లేడ్లు, చిల్లుల పళ్ళెం, వీటన్నిటినీ మోసే ఒక కాడ. క్యారెట్టు తురమడానికి దానికి పట్టే టైములో నాకు తుమ్ము కూడా పూర్తవదు. ఆ తర్వాత బ్లేడు కింద ఇరుక్కున్న తురుముని పాత టూత్ బ్రష్షుతో లాగుతూ సింకు దగ్గర నిలబడతాను. పెట్టె మీద బొమ్మలో ఒకావిడ దాని పక్కన నిలబడి నవ్వుతూ ఉంటుంది. ఆవిడ కడుగుతున్న ఫోటో మాత్రం పెట్టెకి ఏ వైపూ వేయలేదు.

మిషను రాకముందు మా ఇంట్లో శనివారం ప్రార్థన కూడికకి టీ, బిస్కెట్లు ఇచ్చేవాళ్ళం. దేవుడు అభ్యంతరం చెప్పిన దాఖలాలు లేవు. మిషను వచ్చిన వారమే మా ఆయన క్యారెట్ హల్వా ప్రకటించారు. తర్వాత పూరీలు, కొబ్బరి చట్నీ, కట్లెట్లు వచ్చాయి. వాటి వెనకే జనం వచ్చారు. కాకినాడ మొత్తం మీద మా వీధిలోనే భక్తి ఎక్కువైంది. తిన్నవాళ్ళు చెయ్యి కడుక్కుంటూ “మీ మిసెస్ అదృష్టవంతురాలండీ” అంటే, మా ఆయన చెయ్యి ఊపి, “మనం చెయ్యగలిగింది చెయ్యాలి కదండీ” అంటారు.

మా అత్తయ్య బేబిగారిది ఇంకో మాట. “మేం రుబ్బురోలు ముందు కూర్చుంటే మోకాళ్ళు పట్టేసేవి. మీకు బటన్ నొక్కితే వేలు నొప్పి.” ఇందులో సగం నిజం ఉంది. ఆవిడ మోకాళ్ళు నిజంగానే పోయాయి.

శనివారం సాయంత్రం నాకు వేరే పని ఉండేది. చర్చిలో క్వయర్ ప్రాక్టీసు. నేను ఆల్టో. అంటే పాటలో ఎవరికీ విడిగా వినపడని గొంతు. అది లేకపోతే పాట బోసిగా ఉందని అందరికీ తెలుస్తుంది, ఎందుకో తెలియదు. పగలంతా నేను స్కూల్లో క్లర్కుని, “మేడమ్, టీసీ” అంటారు. ఇంటికొస్తే “రాణీ, కాఫీ” అంటారు. ఆ రెండిటి మధ్య, వారానికొక్కసారి, పక్కన పాడే ఆశాజ్యోతి ఊపిరి తీసుకునే చప్పుడు విని నేనూ ఊపిరి తీసుకుని గొంతెత్తితే, ఎవరూ ఆర్డరివ్వని శబ్దం ఒకటి నాలోంచి వచ్చేది. ఇది మా ఆయనకి చెబుదామని ఒకసారి ప్రయత్నించాను. “పాడుకోవాలంటే వంట చేస్తూ పాడుకో, ఎవరొద్దన్నారు?” అన్నారు. ఎవరూ వద్దనలేదు, నిజమే. కానీ మిషను ఆన్ చేస్తే నా గొంతు నాకే వినపడదు.

మూడు నెలలుగా ప్రాక్టీసుకి వెళ్ళలేదు. క్వయర్ మాస్టారు జయపాల్ గారు స్కూలుకి ఫోన్ చేశారు. “కృపారాణిగారూ, తప్పుగా అనుకోకండి. కోత పండగయ్యాక వచ్చే శనివారం క్రిస్మస్ పాటలు మొదలెడుతున్నామండి. ఆ రోజు కూడా మీరు రాకపోతే మీ చోట్లో ఇంకో అమ్మాయిని తీసుకుంటాను.”

“వస్తానండి” అన్నాను. ఎలా వస్తారని ఆయన అడగలేదు. మర్యాదస్తుడు.

భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పాను.

“ఆ శనివారమా? మా మేనేజరుగారు ఫ్యామిలీతో వస్తానన్నారే! అయినా ఎంతసేపు? ఐదున్నరకి చట్నీ వేసేసి వెళ్ళిపో.”

“ప్రాక్టీసు ఐదింటికండి.”

“అయితే నాలుగున్నరకే వేసెయ్.”

“మరి పూరీలండీ?”

“పూరీలు వేడిగా ఉండాలి కదా” అన్నారు, పెరుగు కలుపుకుంటూ. సమస్య నాదగ్గరే భద్రంగా ఉంది.

కోత పండక్కి మా సంఘంలో ప్రతి కుటుంబం తమ పంటలో మొదటి భాగం తెచ్చి ఆరాధనలో పెడుతుంది. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటిని వేలం వేస్తారు. పొలాలున్నవాళ్ళు ధాన్యం, అరటి గెలలు, నాటుకోళ్ళు తెస్తారు. మాలాంటి ఉద్యోగస్తులు బజార్లో గుమ్మడికాయ కొని, మా పెరట్లో కాసినట్టు మొహం పెట్టుకుని తెస్తాం. ఎవరిది వాళ్ళే ఎక్కువ ధరకి పాడుకుని ఇంటికి తీసుకుపోవడం గౌరవం. ఈసారి పాస్టరుగారు విసిగిపోయినట్టున్నారు. “కొని తేవద్దండి. మీ ఇంట్లో మీ కష్టంతో ముడిపడ్డ వస్తువు తెండి” అన్నారు.

ఇంటికొచ్చి చుట్టూ చూశాను. పెద్దగా వెతకాల్సిన పని పడలేదు.

శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, దాని పెట్టెలోనే సర్ది, పైన తెల్ల టవలు చుట్టాను. స్కూటీ మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని మా ఆయనే చర్చికి మోసుకొచ్చారు.

“ఏంటే ఇంత బరువుంది? గుమ్మడికాయేనా?”

“కాదండి. ఈసారి బజార్లో ఏం కొనలేదు.”

ఆయన మొహం వెలిగిపోయింది.

వేలం వేసేది ఆశీర్వాదం గారు. రిటైర్డు హెడ్మాస్టరు, మైకు అక్కర్లేదు. కోడి అయింది, గెల అయింది, టవలు విప్పారు. మా ఆయన చేతిలో టీ గ్లాసు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“కృపారాణిగారి కానుక! ఫుడ్ ప్రాసెసర్! కొత్తదాన్లా ఉందండీ, చూసుకోండి!”

“రాణీ, ఏంటిది? నేను నీకిచ్చింది కదే!” అన్నారు మా ఆయన గుసగుసగా.

“అవునండి. దేవుడికి పనికిరానిది ఇవ్వకూడదు కదా.”

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్క చెయ్యి లేవలేదు. ముందు వరసలో చిన్నమ్మాయిగారని ఒకావిడైతే ఆ పెట్టెని చూసి, ఉన్న రెండు చేతులూ కొంగులో దాచుకున్నారు. మగవాళ్ళు మాత్రం భార్యల సుఖం కోసం పోటీ పడ్డారు. బుల్లియ్యగారు మొదలెట్టారు. వెనకనుంచి ఆయన భార్య “మనకొద్దండీ” అంటోంది. “నువ్వూరుకో, నీకోసమే” అని ఆయన ఇంకాస్త పెంచారు. తను ఇచ్చిన బహుమతి ఇంకొకాయన తన భార్యకి ఇవ్వబోతుంటే మా ఆయన తట్టుకోలేకపోయారు. లేచి నిలబడ్డారు. షాపులో కొత్తది వచ్చే ధర దాటినా ఆగలేదు. చివరికి దక్కించుకున్నారు. పాస్టరుగారు “ఒకే బహుమతి భార్యకి రెండుసార్లు ఇచ్చిన భర్త” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన చెయ్యి ఊపారు.

ఇంటికొచ్చి దాన్ని వంటగది గట్టు మీద పెట్టి, “ఇదిగో తల్లీ, నీ మిషను” అన్నారు.

“నాది కాదండి. నేను దేవుడికిచ్చేశాను. ఇచ్చింది వెనక్కి తీసుకుంటే బాగోదు. మీరు సంఘమంతా చూస్తుండగా పాడి కొనుక్కున్నారు. మీదండి.”

గట్టిగా నవ్వారు. నేను జోకు వేసేటప్పుడు నవ్వను. అందుకని నవ్వకుండా చెప్పేవన్నీ జోకులే అని ఆయన నమ్మకం.

ఆ శనివారం నాలుగున్నరకి జడ వేసుకుని, పాటల పుస్తకం సంచిలో పెట్టుకుని వసారాలోకి వచ్చాను. వంటగదిలోంచి ఆయన బయటికొచ్చారు, రెండు చేతుల్లో రెండు కొబ్బరి చిప్పలతో.

“నిజంగానే వెళ్తున్నావా? మేనేజరుగారొస్తున్నారే!”

“నేను లేకపోతే ఆల్టో నిలబడదండి” అన్నాను. ఆ మాట ఆయనతో అంత మామూలుగా అనగలనని నాకూ తెలీదు.

ఆయన నాతో మాట్లాడటం మానేసి లోపలికి తిరిగారు. “అమ్మా! చూడవే దీన్ని!”

అత్తయ్య కుర్చీ చేతులు పట్టుకుని మెల్లిగా లేచారు. ఆ మోకాళ్ళతో ఆవిడ వంటగదిలోకి వెళ్ళి నిలబడితే నేను గేటు దాటలేను. అక్కడికి వెళ్ళినా పాడలేను. అది ఆయనకీ తెలుసు. సంచి భుజం మీంచి సగం దించాను.

ఆవిడ వంటగది వైపు తిరగలేదు. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, కాలితో తడుముకుంటూ చెప్పులు వేసుకున్నారు.

“ఆగమ్మాయ్, ఆటో పిలువు. నేనూ వస్తాను. ఇక్కడే ఉంటే ఆ చట్నీ నన్ను చెయ్యమంటాడు.”