తెర మీద తాబేలు

పొద్దున ఇదే దారిలో తూర్దిస్ వరసగా కార్లను దాటుకుంటూ వచ్చింది. కాలు ఆనించడమే ఆలస్యం, కారు దూసుకుపోయేది. పక్కన కూర్చున్న మామగారు ఆస్‌బ్యోర్న్ తలుపు పిడి వదలకుండా, "ఇది కారా అమ్మాయ్, కళ్లెం తెంపుకున్న గుర్రమా?" అని వేళాకోళమాడాడు. కరెంటు కారు కొని వారమే అయింది.

ఎల్వెరుమ్ పట్నంలో ఆయనకు చెవి మిషను పెట్టించేసరికి మధ్యాహ్నం దాటింది. ఛార్జింగు దగ్గర బారు చూసి ఆమెకు ఓపిక పోయింది. దారిలోని కొప్పాంగ్ ఊరు చేరడానికి ఉన్న ఛార్జి చాలు, మిగతాది అక్కడ పెట్టుకోవచ్చు అనుకుంది. దూరం మట్టుకు ఆ లెక్క తప్పు కాదు.

లోయలో మంచు గట్ల మధ్య దారి ఇరుకైపోయింది. ముందు దుంగల లారీ ఒకటి మంచుపొడి రేపుతూ నింపాదిగా పోతోంది. చాలాసేపు దాని వెనకే పడి వచ్చాక తిన్నని దారి తగిలింది. ఎదురుగా, ఎక్కడో దూరాన, పాల ట్యాంకరు దీపాలు. పొద్దున ఇంతకంటే తక్కువ ఎడంలోనే దాటింది. ఎడమకు తిప్పి కాలు అదిమింది.

ఊపు రాలేదు. ఇంకా అదిమింది. కాలి కింద ఇక తొక్కడానికేమీ మిగల్లేదు. కారు మాత్రం తడి ఇసుకలో నడుస్తున్నట్టు ఈడ్చుకుంటూ పోతోంది. కిటికీ పక్కన దుంగలు కదలకుండా నిలబడిపోయాయి. వెనక్కి తగ్గుదామంటే, తను వదిలిన చోటులోకి వెనక వస్తున్న వ్యాను ఒకటి చేరిపోయింది.

"మావయ్యా," అంది.

ట్యాంకరు హారను మోగింది. ఆస్‌బ్యోర్న్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. అంతలో లారీ వేగం తగ్గించి పక్కకు జరిగింది; దాని చక్రాలు మంచు గట్టును ఒరుసుకుంటూ వెనకబడ్డాయి. దాని ముందు దొరికిన సందులోకి తూర్దిస్ కారు తిప్పింది. ట్యాంకరు పోయిన గాలికి కారు మొత్తం ఊగింది.

బస్సులు ఆగే చోట ఆపింది. వెనకే లారీ ఆగింది. దిగివచ్చిన నడివయసు ఆడమనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదు. తొక్కాను, పోలేదు. పొద్దున బాగానే పోయింది."

ఆవిడ వంగి స్టీరింగు వెనకున్న తెర చూసింది. నాలుగు శాతం. "ఛార్జి అడుగంటిందమ్మా. ఇంత దిగిపోతే బ్యాటరీ మోటారుకి పూర్తి బలం ఇవ్వదు. పైగా ఈ చలొకటి. మా ఇంట్లోదీ ఇంతే. ఆ తాబేలు బొమ్మ వచ్చిందంటే ఎవర్నీ దాటకూడదు."

"ఏ తాబేలు?"

ఆస్‌బ్యోర్న్ గొంతు సవరించుకున్నాడు. "ఇందాకట్నుంచీ ఉంది. లారీ వెనక నత్తనడక నడుస్తున్నావని కారు నిన్ను వెక్కిరిస్తోందనుకున్నా. నవ్వుకున్నా కూడా."

కొప్పాంగ్ దాకా ఆ లారీ వీళ్ల కారు వెనకే, అదే వేగంలో, దీపాలు మిణుకుమనిపిస్తూ వచ్చింది. మలుపు దగ్గర ఒకసారి హారను కొట్టి వెళ్లిపోయింది. పేరైనా అడగలేదని తూర్దిస్‌కు అప్పుడు తట్టింది. ఆమె కారు దిగేలోపే, వారంగా ఛార్జింగు తీగను తాకనని మొండికేసిన మామగారే దాన్ని తగిలించాడు.

పక్కనున్న కాఫీ హోటల్లో, బల్ల మీద వాఫిల్ అట్లు చల్లారిపోయాయి. ఇద్దరూ ముట్టలేదు.

"ఇంట్లో ఏం చెప్తావు?"

"జరిగింది జరిగినట్టే చెప్తాను, మావయ్యా."

"తాబేలు సంగతో?"

"అది మీరే చెప్పండి."

ఆయన తలూపి కాఫీ తేవడానికి లేచాడు. తూర్దిస్ ఫోను తీసి, కారుకి ఛార్జి ఎంత ఎక్కిందో చూసుకుంది.