వంతెన కట్టినవాళ్లు

నన్ను తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకోండి. కానీ మా జిజియా ఏటిని చలికాలంలో ఒక్కసారి దాటి చూసి, ఆ తర్వాత తిట్టండి. వంతెన కోసం పన్నెండేళ్లు అర్జీలు పెట్టాం. ఒక పార్టీ పోయి ఇంకో పార్టీ వచ్చింది. ఓట్లప్పుడు సారా పోశారు, ఓట్లయ్యాక మొహం చాటేశారు. వరదలో మా తమ్ముడు ఎద్దులబండితో సహా కొట్టుకుపోతే, ఒక ఆఫీసరు వచ్చి ఎద్దుల రంగు రాసుకుని వెళ్లాడు.

అప్పుడొచ్చారు ఒక కొత్త పార్టీవాళ్లు, ఆకుపచ్చ చొక్కాల కుర్రాళ్లు. యాషి పట్నంలో కాలేజీ చదువులు చదివేవాళ్లు. పాటలు పాడుకుంటూ దుంగలు మోశారు, మా పాకల్లో గడ్డి మీద పడుకున్నారు, నేను పెట్టిన మొక్కజొన్న ముద్ద శిలువ గుర్తు వేసుకుని తిన్నారు. మూడు నెలల్లో వంతెన లేచింది. వాళ్ల నాయకుడు సెవర్ నన్ను "మామా" అనేవాడు. అంతకుముందు చదువుకున్నవాడెవడూ నన్ను వరసపెట్టి పిలవలేదు. "మన కష్టాలన్నిటికీ యూదులే కారణం మామా" అన్నాడోసారి. వాడి పళ్లెంలో ఇంకో ముద్ద వేశాను. వంతెన కట్టేవాడి మాట కాదనడానికి నోరెలా వస్తుంది?

పందొమ్మిది వందల ముప్పై ఏడు డిసెంబరులో రొమేనియా అంతటా ఎన్నికలు. పొద్దున్నే అవతలి ఒడ్డుకెళ్లి వాళ్లకే ఓటేసి బయటికొచ్చేసరికి మా పెద్దల్లుడు రొప్పుతూ ఎదురొచ్చాడు.

"మామయ్యా, సఫ్తాకి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది!"

వాణ్ణి ఇంటికి తరిమి, ఆ ఒడ్డునే ఉండే రీఫ్కా తలుపు బాదాను. ఆరూళ్లకీ ఆవిడొక్కతే మంత్రసాని. యూదురాలు. నా సఫ్తా పుట్టినప్పుడు పురుడు పోసిందీ, దానికి బొడ్డు కోసిందీ ఆవిడే. సంచీ అందుకుని నాకన్నా ముందే పరుగెత్తింది.

వంతెన మొదట్లో సెవర్, ఇంకో నలుగురు కర్రలతో నిలబడి ఉన్నారు.

"నువ్వెళ్లు మామా. ఆవిడ వద్దు."

"బాబూ, నా కూతురు చచ్చిపోతుంది!"

"ఇది మనవాళ్ల కోసం మనం కట్టుకున్నది. ఇవాళ ఒకళ్లని వదిలితే రేపు అందరూ ఎక్కుతారు."

"దీనికోసం మొదటి అర్జీ రాసింది నేనురా అబ్బాయ్" అంది రీఫ్కా.

"అయితే నీ అర్జీ మీదే నడిచి పో, ముసలమ్మా!" అని ఒకడు పకపకా నవ్వాడు.

సెవర్ నవ్వలేదు. నా భుజమ్మీద చెయ్యేశాడు. "నువ్వు చెప్పు మామా. మా మనిషివా, ఆవిడ మనిషివా?"

వాడి గల్లా పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. ఛీ, ఈ నాలుక కోసెయ్యాలి.

"ఆవిడ నీళ్లలోంచి వస్తుందిలే బాబూ. అలవాటే" అన్నాను.

రీఫ్కా నా మొహంలోకి చూసింది. సంచీ నెత్తిన పెట్టుకుని, అంచులు గడ్డకట్టిన ఏట్లోకి దిగింది. నేను వంతెన మీద నడిచాను. పక్కనే కింద, ఛాతీ దాకా నీళ్లలో ఆవిడ. నడిమధ్యలో కాలు జారి మునిగింది. అమ్మో అని అరిచాను. ఆవిడ లేచింది. సంచీ మాత్రం తడవనివ్వలేదు.

ఇంట్లో పొయ్యి దగ్గర చేతులు కాచుకుని, పళ్లు టకటకలాడుతుండగానే బిడ్డను లోపలే తిప్పింది. గంటన్నరకు మనవడు ఏడ్చాడు. సఫ్తా బతికింది. నేను ఆవిడ కాళ్ల మీద పడబోయాను.

"ఓటెవరికేశావు గవ్రిల్?" అంది, పావడా అంచు పిండుకుంటూ.

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "వాళ్లకే అక్కా. వంతెన కట్టారు కదా."

"కట్టారు. పన్నెండేళ్లలో మాట మీద నిలబడింది వాళ్లే. నీ ఓటు మీద నాకు కోపం లేదు." మనవణ్ణి గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. "కానీ నన్ను నీళ్లలో దింపింది నువ్వు. ఇంకెప్పుడూ నన్ను పిలవడానికి రాకు."

గుమ్మంలో వేడినీళ్ల కుండతో నిలబడ్డ నా చిన్నకూతురు పరస్కివా ఆ మాట విన్నది. దానికప్పుడు ఏడో నెల. కుండ కిందపెట్టి, రెండు చేతులూ కడుపు మీద వేసుకుని నా వైపు చూసింది.