అరిగిన వైపు

ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. పెదవుల కదలికలోనే ఆ మాట అనుకుంటూ, రెండు చెప్పుల పెట్టెలు చంకలో ఇరికించుకుని, రెండో చేత్తో కమ్మీ పట్టుకుని ఆమె పైగది మెట్లు దిగింది.

"పెద్దక్కా, మళ్ళీ మంత్రం మొదలెట్టావా?" అంది క్యాష్ దగ్గర కూర్చునే పిల్ల.

"మంత్రమేనే. తప్పు చదివితే నీ బల్ల మీదే వచ్చి పడతాను."

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ కొట్లో వచ్చినవాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పులు తొడుగుతోంది పెద్దక్క. ఎడమ మోకాలు పట్టేసిన కొత్తలో తప్పంతా చెప్పులదే అనుకుంది. చెప్పుల మధ్య బతికిన మనిషికి ఇంకేం తోస్తుంది? మెత్తవి, గట్టివి, మడమ ఎత్తువి, ఏడాదిన్నరలో పన్నెండు జతలు మార్చింది. చివరికి ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి కాలు వంచి చూసి, "కీలులో గుజ్జు అరిగిందమ్మా, అది తిరిగి రాదు. తొడకండ గట్టిపడితే మాత్రం మోకాలికి బరువు తగ్గుతుంది. నేలమీద కూర్చోకండి, నడక మానకండి" అంది.

అందుకే ఇవాళ ఇంటి నుంచి స్టూలు మోసుకొచ్చింది. దాన్ని చూడగానే కొట్టు యజమాని ముఖం ముడుచుకుంది. ఆమెకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు.

"కస్టమర్లకి ఎదురుగా సమానంగా కూర్చుంటే బాగుండదక్కా. రేపట్నుంచి పైగదిలో పెట్టెలు సర్దు, హాయిగా ఉంటుంది."

"పద్దెనిమిది మెట్లు బాబూ. హాయి ఇస్తున్నావా, శిక్ష వేస్తున్నావా?"

"మరి ఏం చేద్దామంటావు?"

"అరిగింది మోకాలు, చేతులు కాదు. ఈ ఒక్కరోజూ కూర్చునే అమ్ముతాను. కుదరకపోతే నోరెత్తకుండా నేనే పైకి పోతాను."

మధ్యాహ్నం దాకా ఏదీ కలిసిరాలేదు. ఒకావిడ స్టూలుకేసి చూసి మూతి తిప్పింది. ఇద్దరు బేరమాడి వెళ్ళిపోయారు. ఎవరూ లేనప్పుడల్లా పెద్దక్క స్టూలు మీద కూర్చునే కాలు చాచి, బిగించి, పది లెక్కపెట్టి దించింది. కోపం వచ్చిన ప్రతిసారీ ఇంకో పది.

సాయంత్రం, పక్క వీధి బళ్ళో బొమ్మలు గీయడం నేర్పి రిటైరైన మాస్టారు వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. ఆయన విడిచిన చెప్పుల్ని ఆమె తిప్పి చూసింది. ఎడమదాని అడుగు ఒక పక్కకే అరిగి ఉంది.

"ఎడమ మోకాలు కదూ మాస్టారూ?"

"నీకెవరు చెప్పారు?"

"మీ చెప్పే చెప్పింది."

మాస్టారు పకపకా నవ్వాడు. "అయితే ఈ నొప్పి తగ్గే చెప్పులు ఇవ్వమ్మా."

"అలాంటివి లేవండీ."

యజమాని చటుక్కున తలెత్తాడు. ఆమె గొంతు తగ్గించలేదు.

"పన్నెండు జతలు తొడుక్కుని చూశాను. అడుగు మెత్తగా ఉంటే నడవడానికి కాస్త సుఖం, అంతే. మిగతా పని మీ తొడ చెయ్యాలి. ఇదిగో, ఇలా."

ఆమె కాలు చాచింది. ఆయనా చాచాడు. ఇద్దరూ పైకే లెక్కపెట్టారు. ఆరు దగ్గర ఆయన కాలు వణికింది. "దించకండి," అంది ఆమె. పది దాకా దించలేదు.

"ఇది చెప్పుల కొట్టా, డ్రిల్లు క్లాసా?" అంది క్యాష్ పిల్ల.

"నువ్వూ చాచవే, నీకూ వస్తుంది వయసు," అన్నాడు మాస్టారు.

మెత్తటి జత వేసుకుని కొట్లో రెండుసార్లు అటూ ఇటూ నడిచి, అవే తీసుకున్నాడు. "మా ఆవిడదీ ఇదే బాధ. రేపు తీసుకొస్తాను. నువ్విక్కడే ఉంటావుగా?"

పెద్దక్క తల తిప్పి యజమానికేసి చూసింది, చూస్తూనే ఉంది.

అతను అద్దాల బీరువా మీద లేని దుమ్ము తుడిచాడు. "ఇక్కడే కూర్చుంటుంది మాస్టారూ," అన్నాడు.

మాస్టారు చప్పుడు లేని అడుగులతో వీధిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఆమె కూడా సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది. ఆయన వద్దని వదిలేసిన పాత జత బెంచీ కిందే ఉండిపోయింది. కుడిది నేలకు ఆని, ఎడమది అరిగిన అంచు మీదికి కాస్త ఒరిగి.