కర్పూరం చెట్టు ముద్ర

తైవాన్‌లోని చియాయీ పట్టణంలో జెన్‌హావ్, సుయిన్‌ల టిఫిన్ దుకాణం పొద్దున ఐదింటికే తెరుచుకునేది. అతను పెనం మీద గుడ్డు అట్లు తిప్పేవాడు, ఆమె సోయా పాలు కాచేది, అత్తగారు పొట్లాలు కట్టేది. పదకొండింటికి షట్టరు దించేశాక సుయిన్ మేడ మీదికెళ్లి, అలమారలోంచి ఒక నోటు పుస్తకం తీసి, తడిసిన పేజీ మీద కాస్త మైదా చల్లి వచ్చేది.

ఆ పుస్తకం జెన్‌హావ్‌ది. పెళ్లికి ముందు పెయ్‌లింగ్ అనే అమ్మాయితో జపాన్ వెళ్లి, క్యూషూ దీవంతా రైళ్లలో తిరిగాడు. దిగిన ప్రతి స్టేషన్లో ప్రయాణికుల కోసం బల్ల మీదుంచే ముద్ర అందులో కొట్టుకున్నాడు. పదిహేడు ముద్రల్లో పదహారు ఏనాడో ఆరిపోయాయి. కర్పూరం చెట్టు బొమ్మ ఉన్న ఒక్క ముద్ర మాత్రం, అతనికి పెయ్‌లింగ్ గుర్తొచ్చినప్పుడల్లా తడిసేది.

"సుయిన్, నిన్న పుస్తకం బాగా కారినట్టుంది. అలమార గుడ్డ మార్చు," అనేది అత్తగారు.

సుయిన్‌కి ఒళ్లు మండిపోయేది. పెళ్లయి పదకొండేళ్లు. తను గుర్తొస్తే తడిసే వస్తువు ఆ ఇంట్లో ఒక్కటీ లేదు.

ఆ చలికాలం ఐదు రోజులు దుకాణం మూసి క్యూషూ వెళ్దామనుకున్నారు. గొడవ అక్కడే మొదలైంది.

"రైళ్లలో తిరుగుదాం," అన్నాడు జెన్‌హావ్. "మనలా కుడివైపు కాదు, అక్కడ ఎడమవైపు నడపాలి. నువ్వు సిగ్నల్ ఇవ్వబోయి వైపర్లు వేస్తావు."

"వేస్తే వేస్తాను. అద్దమైనా శుభ్రపడుతుంది."

"కిటికీ పక్కన కూర్చుని డబ్బా అన్నం తింటుంటే ఆ సుఖమే వేరు."

"ఎవరితో తిన్నావో నాకు తెలుసులే. ఈసారి కారే. నేను నడుపుతాను, నువ్వు దారి చూడు."

"కారు దారిలో స్టేషన్లు రావు కదా," అంది అత్తగారు చిక్కుళ్లు ఒలుస్తూ.

తైవాన్ లైసెన్సుకు జపాను భాషలో అనువాదం ఉంటేనే అక్కడ కారు ఇస్తారు. సుయిన్ ఆఫీసుకెళ్లి ఆ కాగితం తెచ్చుకుంది. తెచ్చి, సరిగ్గా కర్పూరం చెట్టు పేజీలో పెట్టింది. పుస్తకం తెరవగానే మొగుడికి ముందు తన పేరే కనపడాలని. అంతటితో ఆగక, ఆ వారమంతా కచ్చగా మైదా చల్లడం మానేసింది.

ఫుకువోకాలో కార్లు అద్దెకిచ్చే కౌంటరు అమ్మాయి కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, చూసి, తల వంచింది. సుయిన్ పేరు మీద, లైసెన్సు నంబరు మీద ఊదారంగు చెట్టొకటి దట్టంగా అచ్చయి ఉంది.

"క్షమించాలండీ. పేరు కనపడటం లేదు. కారు ఇవ్వలేం."

జెన్‌హావ్ గబగబా వెళ్లి రైలు టికెట్లు తెచ్చాడు. ఆ హుషారు చూసి సుయిన్ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

మూడో రోజు రైలు ఒక చిన్న కొండ స్టేషన్లో ఆగింది. ప్లాట్‌ఫాం చివర కర్పూరం చెట్టు.

"దిగుతావా?" అంది సుయిన్, అతని మొహంలోకి చూస్తూ.

"ఇక్కడేముంది? చలి. కూర్చో."

అతను నటిస్తే ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది. ఇది నటన కాదు. అతను సంచిలో వెంట తెచ్చుకున్న పుస్తకం లాక్కుని తెరిచింది. పేజీ తెల్లగా ఉంది. ముద్ర మొత్తం ఆమె కాగితం మీదికి వచ్చేసింది.

కిటికీలోంచి చూస్తే చెట్టు కింద బెంచీ మీద పసుపు గొడుగు పట్టుకున్న అమ్మాయి కనపడింది. సగం తిన్న అన్నం ముద్ద ఎవరికో అందిస్తూ నవ్వుతోంది. పెయ్‌లింగ్ అప్పట్లో ఇంత అందంగా ఉండేదని సుయిన్ అనుకోలేదు. రైలు కదిలేదాకా అసూయతో ఉడికిపోయింది. ఒళ్లో, ఆ కాగితం దాచుకున్న హ్యాండ్‌బ్యాగు అడుగంతా తడిసింది.

ఇంటికొచ్చాక కూడా ఆ అమ్మాయి ఆమెను వదల్లేదు. సోయా పాలు కాస్తుంటే గొడుగు గుర్తొచ్చేది, పొట్లాలు అందిస్తుంటే నవ్వు గుర్తొచ్చేది. పదకొండింటికి మేడెక్కి ఇప్పుడు తన కాగితం మీద మైదా చల్లుకునేది. ఒకరోజు జెన్‌హావ్ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరు గుర్తొచ్చారు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకుండానే ఇంత తడిసిందా? ఈ చెట్టున్న చోట ఎవరున్నారు నీకు?"

సుయిన్ అతని మొహం చూసింది. పదకొండేళ్లుగా తన అద్దంలో చూసుకున్న మొహమే అది. మైదా దులుపుకుని కిందికి దిగింది.

అప్పటినుంచి జెన్‌హావ్ అట్లు మాడుస్తున్నాడు. మధ్యమధ్యలో మేడెక్కి ఆ కాగితం తడిమి వస్తున్నాడు. అట్ల మీద ఊదారంగు వేలిముద్రలు పడుతున్నా, వాడుక మనుషులు మామూలుగానే తిని పోతున్నారు.

"వచ్చే ఏడాది మళ్లీ క్యూషూ వెళ్దాం," అన్నాడొక పొద్దున, పెనం మీంచి తల ఎత్తకుండా. "కారులో. నేనే నడుపుతాను. రైలు మాత్రం వద్దు."

సుయిన్ సోయా పాలు నెమ్మదిగా కలిపింది.

"రైలయితేనే వస్తాను," అంది.